బండి కొంటే డ్రైవర్ ఫ్రీ

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పాత కారును చూడమని నన్ను ఒంటరిగా వదిలినప్పుడు, నేను ముందుగా దాని సీటు బెల్టులు వాసన చూస్తాను.

బెల్టును చివరిదాకా లాగి చూడటం మా పనిలో అందరూ చేసేదే. వరద నీళ్ళలో మునిగిన బండిని ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే బెల్టు చివరన బురద చార మిగిలిపోతుంది. అందరూ ఆ చార కోసం లాగుతారు. నేను లాగి, చుట్టూ ఒకసారి చూసి, ముక్కుకు ఆనించుకుంటాను. అమ్మేవాళ్ళు సీట్లను షాంపూతో కడిగిస్తారు, మ్యాట్లు మారుస్తారు, డాష్‌బోర్డుకు పాలిష్ పెడతారు. బెల్టుల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆ బండిలో ఎలాంటి మనుషులు తిరిగారో అందులో ఉండిపోతుంది. కొబ్బరినూనె, గుట్కా, పసిపిల్లలు కక్కిన పాలు, పెళ్ళికని కొట్టుకున్న సెంటు. ఒక బండి వెనక బెల్టులో కుక్క వాసన వచ్చింది. మా ఇంట్లో కుక్కే లేదని దాని యజమాని అంతకుముందే ఒట్టేసి చెప్పాడు.

మా పెదనాన్న కొడుకు శంషాబాద్ దాటాక, పాల్మాకుల వైపు హైవే పక్కన పాత కార్ల యార్డు నడుపుతాడు. అతన్ని నేను అన్న అంటాను. భూములన్నీ పోగా మిగిలిన ముక్కలో రేకుల షెడ్డు వేసి మొదలుపెట్టాడు. దానితోపాటు యూట్యూబ్‌లో ఒక ఛానెల్ కూడా ఉంది. పాత కార్ల గురించి అందులో మాట్లాడేది అన్న, ఆ మాటలు రాసేది నేను. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుకుంటుంటే, "ఊకె చదివి ఏం జేస్తవ్, నాకన్న రాసిపెట్టు" అని తీసుకెళ్ళాడు. నేను నలుగురిలో మాట్లాడలేను. కెమెరా వైపు చూస్తే నాలుక పైకి లేవదు. యార్డులో నన్ను మూగది అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు అన్న నా ముందే చెబుతాడు: "మా చెల్లె. నోరు లేదు, చెయ్యి ఉన్నది."

మా ఛానెల్‌కు పేరు తెచ్చినవి ఒకే కంపెనీ కార్లు. అది విదేశీ కంపెనీ. ఇక్కడ కార్లు చేయడం మానేసి వెళ్ళిపోయింది. దాని షోరూములు బట్టల దుకాణాలయ్యాయి. కొన్నవాళ్ళ దగ్గర బండ్లు మిగిలాయి. వాటి సామాన్లు రావడం మాత్రం రానురాను తగ్గిపోయింది. అవి గట్టి బండ్లు. తలుపు వేస్తే గోదాము తలుపు మూసినట్టు బరువుగా పడుతుంది. కాని ఆ తలుపుకు అద్దం పగిలితే ఇంకో అద్దం దొరకదు. అన్న ఈ కార్ల మీద వరసగా వీడియోలు చేసి, ఆ వరసకు 'దిక్కులేని బండ్లు' అని పేరు పెట్టాడు. ఆ కార్లున్న వాళ్ళు తిట్టుకుంటూనే చూసేవాళ్ళు.

నవ్వించడం అన్నకు బాగా తెలుసు. నేను 'స్టీరింగ్ కొంచెం బరువుగా ఉంది' అని రాసిస్తే, అతను యజమానిని పక్కన నిలబెట్టుకుని, "గిది తోలాలంటే పొద్దుగాల నాలుగు గుడ్లు తిని రావాలె గదనే" అంటాడు. యజమాని కూడా నవ్వుతాడు. కెమెరా తన వైపు తిరిగి ఉన్నప్పుడు నవ్వకుండా నిలబడటం ఎవరికైనా కష్టం.

మేమంతా చాచా అని పిలిచినాయన వచ్చింది ఒక పొద్దుటి పూట. అరవై దాటిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, గోరింటాకు రంగు గడ్డం. ఆ కంపెనీదే వెండి రంగు కారును, రెండు బండ్ల మధ్య సందులోకి వెనక్కి తెచ్చి ఒక్క ఊపులో పెట్టాడు. దిగీ దిగగానే, పక్కన వంకరగా ఉన్న వ్యానును చూసి, "గిది పెట్టినోడు డ్రైవరా, బర్లు కాసెటోడా?" అన్నాడు. అది పెట్టింది మా మిస్త్రీ. యార్డులో బండ్లు విప్పి బిగించేది అతనే. అతనక్కడే ఉన్నాడు.

అన్న కుర్చీ చూపించాడు. "ఏంది చాచా, అమ్ముతవా?"

"అమ్ముత. గని ఒక షరతున్నది. బండి కొన్నోళ్ళు నన్ను గూడ పెట్టుకోవాలె."

"నిన్నెందుకు?"

"డ్రైవర్ గ."

ఆయన చెప్పింది ఇదీ. ఎయిర్‌పోర్టు దగ్గరి విల్లాల్లో ఒక పెద్దావిడకు ఆయన చాలా ఏళ్ళు డ్రైవర్‌గా చేశాడు. ఆమె పోయాక కొడుకులు ఇల్లు అమ్ముకుని, కారును ఈయన పేరున రాసిచ్చి వెళ్ళిపోయారు. సొంత వాడకానికిచ్చే నంబరు ప్లేటున్న పాత కారు కాబట్టి కిరాయికి తిప్పడానికి లేదు. ఇంటి ముందు గల్లీలో పెట్టడానికి జాగా లేదు. పనికోసం తిరిగితే, ఈ వయసు మనిషిని ఎవరూ పెట్టుకోవడం లేదు. ఆయనకు ఒక్కటే దారి కనబడింది. ఈ కంపెనీ బండి సంగతులు తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. కొన్నవాళ్ళకు తెలిసిన మనిషి అవసరం. బండి మంచి ఇంటికి పోతే, దానితోపాటు తనకూ అక్కడ నౌకరి దొరుకుతుంది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

అన్న మిస్త్రీ వైపు తిరిగాడు. "విన్నవా? బండి కొంటే డ్రైవర్ ఫ్రీ అంట."

"ఫ్రీ ఎందుకయిత?" అన్నాడు చాచా. "జీతమియ్యాలె. ఐతారం ఛుట్టీ."

మిస్త్రీ పగలబడి నవ్వాడు. చాచా మాత్రం అది బేరంలో భాగమే అన్నట్టు గంభీరంగా కూర్చున్నాడు.

బండి ఎలా నడుస్తుందో చూసి రమ్మని అన్న నన్ను చాచాతో పంపాడు. నేను నడపను. ఎవరైనా తోలుతుంటే వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని వింటాను. బయలుదేరేముందు చాచా చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను బెల్టులు లాగాను. బురద చార లేదు. వెనక ఎడమవైపు బెల్టులో నొప్పుల నూనె, కర్పూరం కలిసిన వాసన. పెద్దావిడ కూర్చునే చోటు అదే అయి ఉండాలి. డ్రైవర్ బెల్టులో ఇస్త్రీ బట్టల వాసన తప్ప ఇంకేమీ లేదు. అన్నేళ్ళు ఒకే మనిషి పెట్టుకున్న బెల్టులో చెమట వాసన లేకపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన వచ్చి సీట్లో కూర్చుని, భుజం మీద మడత తువ్వాలు వేసుకుని, దాని మీదుగా బెల్టు పెట్టుకున్నప్పుడు అర్థమైంది.

రింగు రోడ్డు పక్క రోడ్డులో కొత్వాల్‌గూడ వైపు పోయాం. అద్దంలో నన్ను చూశాడు.

"ఏంది బేటీ, పానం మంచిగ లేదా? దవాఖానకు తీస్కపోవాల్నా?"

"వింటున్న చాచా."

"బండి రివ్యూ రాస్తవని చెప్పిండ్రు. గిట్ల పండుకొని రాస్తవా?"

నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆయన ఎదురొచ్చిన ప్రతి క్యాబ్ డ్రైవర్‌ను తిట్టుకుంటూ తోలాడు. ఒకడు హారన్ కొడితే, వానికి తల్లి పాలకు బదులు పెట్రోల్ పోసిందన్నాడు. మంచివాడని చెప్పలేను. ఆయన లెక్కలో తనొక్కడే డ్రైవర్, మిగతావాళ్ళు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు. కాని బండి వెళ్తున్నట్టే తెలియలేదు. హిమాయత్ సాగర్ మీది గాలి కిటికీలోంచి వస్తుంటే, నేను ఒక్కటే పట్టుకున్నాను. ఫస్ట్ నుంచి సెకండ్ గేరుకు పోయేటప్పుడు ప్రతిసారీ ఒక చిన్న ఆగడం.

"సెకండ్ గేర్ పట్టేస్తున్నది చాచా."

"నీకెట్ల తెలిసింది?"

"నువ్వు ఆగుతున్నవ్ గదా."

"అది బీమారి గాదు బేటీ. తలుపు కొట్టి లోపటికి పోయినట్టు, గంతే. జర ఆగితే అదే దారి ఇస్తది. గుంజితే మొరాయిస్తది."

"రాయాలె చాచా. రివ్యూ గదా."

ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. అప్పటిదాకా ఉన్న డాబు ఆ ముఖంలో లేదు.

"గది రాయకు. గీ బండిల ఉన్న ఖరాబ్ గదొక్కటే. గది నాతోనే ఉంటది, నాకు తెలుసు ఎట్ల తోలాలెనో. నువ్ రాస్తే ఎవడు కొంటడు? ఎవడు కొనకుంటే నా నౌకరి ఏమయితది?"

అది నిజంగానే చిన్న విషయం. అలవాటైన చేయి మీదుంటే తెలియను కూడా తెలియదు. నేను రాయలేదు.

రాసింది మాత్రం బాగా వచ్చింది. బానెట్ బోల్టుల తలల మీద కంపెనీ వేసిన రంగు చెక్కు చెదరలేదని, అంటే వాటిని ఇంతవరకు ఎవరూ విప్పలేదని రాశాను. అద్దాలన్నీ బండితో పుట్టినవేనని, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్, గేర్‌బాక్స్ ఏదీ రిపేరుకు ఎక్కలేదని రాశాను. 'ఈ బండిని ఇన్నాళ్ళు ఒకే మనిషి ఒకే మనిషి కోసం నడిపాడు' అన్న వాక్యంతో ముగించాను. అన్న ఆ వాక్యాన్ని చదివి, "గీ కథలొద్దు" అని కొట్టేశాడు.

షూటింగ్ రోజు గాలి మా వైపు ఉంది. విమానాలు యార్డు మీదుగానే దిగుతున్నాయి. ఒకటి వచ్చినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. అందుకని ప్రతిదీ పదేపదే చేయించారు. అన్న చాచాను బండి పక్కన నిలబెట్టాడు.

"చాచా, వెనక డోర్ తీసి వంగి సలాం కొట్టు. పెద్దమ్మకు కొడ్తుంటివి గదా, గట్లనే."

చాచా ఎడమవైపు తలుపు తీసి, ఒక చేయి పైన రేకుకు అడ్డం పెట్టి, ఎవరి తలో తగలకుండా చూస్తున్నట్టు వంగాడు. విమానం వచ్చింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ వంగాడు. ఆయనకు ఇందులో వెక్కిరింపేమీ కనబడలేదు. పని ఎట్లా చేస్తాడో చూపించమంటున్నారని అనుకున్నాడు. అన్న కెమెరా వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. "చూసిండ్రా? బండి కొంటే డ్రైవర్ ఫ్రీ. స్టాక్ ఒక్కటే ఉన్నది."

మేం పెట్టిన వీడియోల్లో అంతమంది చూసింది అంతకుముందు లేదు. కింద కామెంట్లు వచ్చి పడ్డాయి. డ్రైవర్ మైలేజ్ ఎంత? చాచాకు ఇన్సూరెన్స్ ఉందా? బండికి సరే, ఈయనకు స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా? డ్రైవర్ వద్దు, తీసేసి రేటు తగ్గించండి.

చాచాకు తెలుగు చదవడం రాదు. మర్నాడు వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని, ఫోను నా చేతికిచ్చాడు.

"ఏమంటుండ్రు బేటీ?"

"బండి మంచిగున్నదంటున్నరు."

"నా గురించి?"

"నీ గురించి గూడ అడుగుతున్నరు చాచా."

"అడగాలె," అన్నాడు, తృప్తిగా. "తోలెటోని గురించి అడగకుంట బండి కొనొద్దు."

ఫోన్లు వచ్చాయి. కాని బండిని కొంటామన్నవాళ్ళు లేరు. ఫోను చేసినవాళ్ళందరి దగ్గరా అదే కంపెనీ కార్లున్నాయి. ఒకరి కారుకు కుడి తలుపు అద్దం లేదు, ఒకరికి కంప్రెసర్ పోయింది. ఎర్ర కారున్న ఒకాయనది గేర్‌బాక్స్ పగిలి, నెలల తరబడి కవరు కింద ఉంది. "బండి వద్దు, గేర్‌బాక్స్ ఒక్కటి ఇస్తరా?" అని అందరికన్నా ముందు అడిగింది ఆయనే. అన్న మొదట నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వడం మానేశాడు. అంతవరకు యాక్సిడెంట్ అయినవీ ఇంజను చచ్చినవీ తప్ప, నడిచే బండిని మేం విప్పింది లేదు. అన్న ఆ కార్ల యజమానుల వాట్సాప్ గ్రూపులో, విడి సామాన్లు అమ్ముతామని ఒక మెసేజ్ పెట్టి కూర్చున్నాడు. రేట్లు ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయారు.

"బాలాపూర్ లడ్డు వేలంపాట లెక్క పోతున్నది చెల్లె," అన్నాడు ఫోను నాకు చూపిస్తూ. "నువ్ రాసిందే పంపుతున్న. ఒక్కడన్న బండిని చూస్తనంటలేడు."

ఎర్ర కారాయన ఫోనులో ఒక్కటే అడిగాడు. గేర్లలో ఏమన్నా తకరారు ఉందా అని. అన్న స్పీకర్ పెట్టి, నా వైపు చూస్తూ చెప్పాడు. "ఉంటే మా పిల్ల రాస్తుండె. దానికి దేవుడు నోరియ్యలేదు గని అబద్ధం గూడ ఇయ్యలేదు." గేర్‌బాక్స్ ఆ ఫోనులోనే అమ్ముడుపోయింది. అది పోయాక బండి ఎలాగూ నిలబడదు కాబట్టి మిగతావన్నీ దాని వెనకే పోయాయి.

చాచా చెప్పిన ధరకే, ఒక్క మాట బేరమాడకుండా అన్న బండి తీసుకున్నాడు. ఒక డాక్టర్ కుటుంబం కొంటున్నదని, ఇంట్లో పెద్దామె ఉన్నదని, కబురు రాగానే నౌకరిలో చేరాలని చెప్పాడు. చాచా కాగితాల మీద సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి అడిగాడు.

"పెద్దమ్మ ఎడమ దిక్కు కూసుంటదా, కుడి దిక్కా?"

"నడుమల," అన్నాడు అన్న. మిస్త్రీ టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

యార్డు వెనక రేకుల గోడ అవతల బండిని విప్పారు. బెల్టులు ఎవరికీ అక్కరలేదు, సీట్లు లాగడానికి అడ్డం వస్తాయని ముందుగా వాటినే బ్లేడుతో కోశారు. నేను వెళ్ళేసరికి తుక్కులో చుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మీద అప్పటికే ఇంజను ఆయిలు ఒలికింది. ఇంకే వాసనా రాలేదు.

రేకుల ఇవతల చాచా రోజూ వచ్చి కూర్చునేవాడు. ఇస్త్రీ మడతలు చెదరని తెల్ల బట్టలు, భుజం మీద తువ్వాలు. "అల్లుని లెక్క తయారైనవ్ చాచా," అనేవాడు మిస్త్రీ. అన్న రోజుకొక కథ చెప్పేవాడు. డాక్టర్ వాళ్ళు తిరుపతి పోయిండ్రు. మంచి రోజు చూస్తుండ్రు. పెద్దామెకు జరమొచ్చింది. ఆఖరి మాటకు చాచా నిజంగా కలవరపడి, పల్చటి జావ ఇయ్యమని చెప్పండి అన్నాడు. అన్న ఆయన కూర్చున్న కుర్చీనీ, పక్కన ఖాళీ గేటునూ కలిపి చిన్న వీడియో తీసి పెట్టాడు. 'డ్రైవర్ ఇంకా ఫ్రీగానే ఉన్నాడు' అని దాని పేరు. రేకుల అవతల గ్రైండర్ కూత వినబడుతూనే ఉంది. అది యార్డు. కూత లేనిదెప్పుడు?

ఒకసారి నేను టీ ఇస్తూ అన్నాను. "ఇగ రాకు చాచా."

"ఎందుకు?"

వెనక నుంచి అన్న గొంతు వచ్చింది. "గది మాట్లాడిందంటే వాన వస్తది చాచా. గొడుగు తెచ్చుకో." అందరూ నవ్వారు. చాచా కూడా నవ్వాడు. నేను ఖాళీ ట్రే తీసుకుని లోపలికి వెళ్ళాను.

యార్డుకే తెప్పించిన ఎర్ర కారుకు గేర్‌బాక్స్ ఎక్కించడం అయ్యాక, దాని యజమాని ఊరి నుంచి విమానంలో వస్తున్నానని, బండిని ఎయిర్‌పోర్టుకే తెచ్చివ్వమని ఫోను చేశాడు. ఆ రోజు తోలేవాళ్ళెవరూ ఖాళీగా లేరు. అన్న కుర్చీ వైపు చూశాడు.

"చాచా, నౌకరి నౌకరి అంటివి. గిదిగో నౌకరి. ఎర్రబండి ఇచ్చిరాపో. చెల్లె, నువ్ ఎంబడి పో, కాయిదాల మీద సంతకం తీస్కోవాలె."

మిస్త్రీ ఈసారి నవ్వలేదు. అన్న వైపు ఒకసారి చూసి, పానా తుడుచుకుంటూ రేకుల వెనక్కి పోయాడు.

చాచా లేచి తువ్వాలు మడత సరిచేసుకున్నాడు. నా కోసం వెనక ఎడమ తలుపు తీశాడు. ఇంజను స్టార్ట్ చేసి, ఫస్ట్ వేసి, గేటు దాటించాడు. సెకండ్‌కు పోతూ, అలవాటు కొద్దీ, ఆయన చేయి ఆగింది. కింద గేరు కూడా అక్కడే ఆగింది. తలుపు కొట్టినంతసేపు. తర్వాత లోపలికి పోయింది.

సీటు కింది నుంచి నాకూ తెలిసింది. నేను కళ్ళు తెరవలేదు.

ఆయన కొంత దూరం పోయి, రోడ్డు పక్కకు తీసి ఆపాడు. మళ్ళీ ఫస్ట్ వేశాడు. మళ్ళీ సెకండ్. ఆపి, మళ్ళీ. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన ఒక్కరినీ తిట్టలేదు. ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కాక అడిగాడు.

"నా బండి యాడున్నది?"

"శానా జాగల ఉన్నది చాచా."

"డాక్టర్?"

నేను కళ్ళు తెరిచాను. అద్దంలో ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. తర్వాత రోడ్డు మీదికి పోయాయి.

"గేర్‌బాక్స్ కోసమేనా?"

"ముందుగాల దాన్నే అడిగిండ్రు. గేర్లల్ల తకరారు ఉంటే వద్దన్నరు. దాని ఎంబడి అన్నీ పోయినయ్."

ఎయిర్‌పోర్టులో బండ్లు ఎక్కే చోట ఎర్ర కారాయన నిలబడి ఉన్నాడు. చాచా బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా తలుపు తీశాడు. చేయి పైన రేకుకు అడ్డం పెట్టి, వీడియోలో వంగినట్టే వంగాడు. ఎర్ర కారాయన గుర్తుపట్టాడు. "అరె, ఫ్రీ డ్రైవర్ గదా నువ్వు?" అని నవ్వి, ఫోను తీసి ఆయన పక్కన నిలబడి ఒక ఫోటో దిగాడు. నేను సంతకం తీసుకున్నాను. ఎర్ర కారాయన సీట్లో కూర్చుని ఫస్ట్ వేశాడు, సెకండ్‌కు గట్టిగా గుంజాడు. బండి కిర్రుమని ఒకసారి కొట్టుకుని ముందుకు పోయింది. చాచా ఆ చప్పుడు వినబడకుండా పోయేదాకా అటే చూశాడు.

శంషాబాద్ బస్సు వచ్చింది. నేను ఎక్కాను, ఆయన ఎక్కలేదు. యార్డుకు మళ్ళీ రాలేదు. నాకు ఎక్కడా కనబడలేదు. బస్సు తలుపు దగ్గర నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ ఆ రోజు ఆయన నాతో చెప్పిన మాట ఇది:

"సెకండ్ గేర్ సంగతి నువ్ రాస్తనంటివి బేటీ, నేనే వద్దంటి. రాసుంటే బండి బతుకుతుండె."